ఇతరులు

నా సంచి మీద ఇంకా ఉండాది
ఇంట్లో కాన్పు వద్దు అనే మాట.
సగం అక్షరాలు ఉతుకులకు పోయినాయి.

ఆ మాట పట్టుకోని
రోగం రాకముందు పదమూడేండ్ల కిందట
కాశింబీ గడపలో నిలబడినా.
"ఇంగ నువ్వు చెయ్యొద్దు పెద్దమ్మా,
నూట ఎనిమిది వస్తాది."
ఎందుకు చెప్పినానో ఆమెకూ తెలుసు:
కింద గేరి ఓబులమ్మ,
రక్తం ఆగక, ఎద్దుల బండిలోనే,
తుగ్గలి చేరకముందే.
కాశింబీ మాట్లాడలా.
డబ్బా మూత బిగించి అటక మీదికి తోసింది.
ఆ తర్వాత ఆ చేతులు
తొలకరి పడితే చాలు, జొన్నగిరి చేలల్లో
వజ్రాలకని రాళ్లు ఏరినాయి.
ఏమీ దొరకలా.

ఆ ఏడు టమాటాలు కోసేవాళ్లు లేక
చేన్లోనే కుళ్లి ఊరంతా పులిసిన వాసన.
రాత్రి పదకొండుకు మాదేవికి నొప్పులు.
మొగుడు గుంటూరు మిరప చేన్లకు పోయి
ఆడనే ఇరుక్కుండె.
ఫోన్ చేస్తే, బండ్లన్నీ కర్నూలుకు
జరమోళ్లను మోస్తాండాయంట.
పత్తికొండలో అడిగినారు:
"టెస్టు చేయించినారా? రిపోర్టు ఉందా?"
ముక్కులో పుల్ల పెట్టినాక నాలుగు దినాలు ఆగాల.
ఆ సంగతి కడుపులో బిడ్డకు ఎవురు చెప్పాల?

నేనే పోయి తలుపు కొట్టినా.
"ఎవురూ?"
"నేనే పెద్దమ్మా, ఆశా నాగేంద్రమ్మను."
చానాసేపు ఉలుకు లేదు, పలుకు లేదు.
తర్వాత
అటక మీద డబ్బా జరిగిన చప్పుడు.

ఆమె సబ్బు అడిగింది. మోచేతుల దాకా కడిగింది.
తుప్పు పట్టిన బ్లేడు నేను పారేసి కొత్తది ఇచ్చినా.
నేను కట్టిన మాస్కు మాత్రం గడ్డం కిందికి లాగేసింది.
"నా మొగం కనపడకుంటే
ఆ పిల్ల ఎవురిని చూసి ముక్కాల?"

సెల్లు లైటు పట్టుకోని నిలబడినా.
బిడ్డ ఏడ్చినాక కూడా
నేను గుడ్డలు లెక్క పెడతానే ఉండా.
ఒకటి. రెండు.
మూడోది తడిసినప్పుడు
ఎద్దుల గంటలు వినపడినాయి నాకు.
కాశింబీ కడుపు మీద అరచెయ్యి పెట్టి
మెల్లగా రుద్దతా, రుద్దతా, రుద్దతా
నాలుగో గుడ్డ పొడిగానే ఉండె.

తెల్లారి రిజిస్టరు తీసినా.
మీటింగులో అడుగుతారు,
నూటికి నూరు ఎందుకు కాలేదని.
కాన్పు చేసినవారు:
డాక్టరు, నర్సు, ఇతరులు.
చివరి గడిలో టిక్కు పెట్టినా.

అరుగు మీద కూచోని
కాశింబీ తన చేతులు తానే చూసుకుంటాంది.
"నా పేరు రాసినావా అమ్మీ?"

"రాసినా పెద్దమ్మా."

మాస్కు ఉండబట్టి సరిపోయింది.