లోమడత

జోంబా జైల్లో ఆడవాళ్ల వైపు
కుట్టుపని నాది.
సూది ఒక్కటే. పొద్దుగూకితే వార్డరుకి అప్పజెప్పాలి.
నేను చేసినదానికి నేనున్నాను, పదకొండేళ్లు.
అది వేరే కథ.

టమాండానిని తెచ్చిన రోజు వాన.
పని చేసే ఇంట్లో ఫోను పోయిందట.
తర్వాత సోఫా కింద దొరికిందట.
ఆ సంగతి ఎవరు ఎవరికి చెప్పాలో
ఎవరికీ తెలియలేదు.

వయసెంతని అడిగితే
"గాదెలో జొన్నలు ఎలుకలు తినేసిన ఏడు పుట్టానంది అమ్మ" అని చెప్పింది.
ఆ ఏడుకి పోలీసు పుస్తకంలో గడి లేదు.
పైనుంచి కిందికి ఓసారి చూసి
పద్దెనిమిది అని రాసుకున్నాడు.

నా పాత గౌను ఇస్తే నేల ఊడ్చింది.
ఎదిగే పిల్ల కదా,
కత్తిరించబుద్ధి కాలేదు.
లోపలికి మడిచి కుట్టాను, మూడు మడతలు.
మూడోది కుడుతుంటే చెయ్యి ఆగింది:
ఎన్నాళ్లుంటుందని ఇంత గుడ్డ దాస్తున్నాను?

నలభై మందిమి
ఒకరు ఒత్తిగిలితే అందరం ఒత్తిగిలే గది.
ఆమెకి మొదటిసారి నెల వచ్చింది అక్కడే.
లిన్లీ పరుపులోంచి దూది పీకి ఇచ్చింది.
ఆ పరుపు సగం ఇప్పటికే మా నెలలకి పోయింది.

ఒక్క పూట న్సిమా ముద్ద, పురుగు కందులు.
ఆ తిండికి పిల్ల ఎదగదనుకున్నాను.
ఎదిగింది.
ఎముకలకి రిమాండు తెలియదు.

మొదటి మడత మామిడిపళ్ల కాలంలో విప్పాను.
రెండోది ఏడాది దాటాక,
చిపెరోని జల్లు విడవకుండా పడే చలిలో.
ఈలోగా లారీకి డీజిలు లేదన్నారు,
మేజిస్ట్రేటుకి జ్వరమన్నారు,
కాగితాల కట్ట దొరకలేదన్నారు.

కోర్టు అర్జీలు రాసిపెట్టే కుర్రాడు వచ్చాడొకసారి.
వయసుకి రుజువేమైనా ఉందా అన్నాడు.
పిల్లని నిలబెట్టి అంచు తిరగేశాను.
వెలవని పట్టీ ఒకటి,
దాని కింద ఇంకొకటి, ఇంకా తెల్లగా.
"పద్దెనిమిది నిండిన మనిషి
బెత్తెడు పెరుగుతుందా బాబూ?"

అతను నవ్వలేదు.
టేపు లేక వేళ్లతో కొలిచి
అరచేతి మీద రాసుకున్నాడు.
గేటు దగ్గర వానలో
ఆ చెయ్యి చొక్కా లోపల పెట్టుకుని వెళ్లాడు.

వాయిదా వచ్చే నెల.
గౌనుని రుజువని పట్టుకుపోతే
పిల్ల ఏం తొడుక్కుంటుందో అడగడం మరిచాను.

నిన్న మూడో మడత విప్పాను.
సూది అప్పజెప్పాను.
ఇక గుడ్డ లేదు.