గోళ్ళు

సెగెడ్ ఊళ్ళో, కళ్ళద్దాల కొట్లో
డాక్టరమ్మ ఎటెల్క అంది:
"గోళ్ళు చూపించండి."
పాపవనుకున్నాను. నావట.

ట్రామ్ షెడ్డులో పదిహేడేళ్ళ గ్రీజు,
ఏ సబ్బుకీ లొంగని నల్ల నెలవంకలు పది.
"మీరు అలా దూరంగా కూర్చోండి."

ఎనిమిదేళ్ళ బొరోకకి మైనస్ ఐదు.
హ్యాండ్‌బాల్ ఆటలో గోల్ కాస్తుంది.
పోయిన నెల బంతి తగిలి ఫ్రేము విరిగింది,
కనుబొమ్మ మీద మూడు కుట్లు.
"ఇంత పసిదానికి లెన్సులేమిట్రా?" అని మా అమ్మ సణుగుడు.
పైకి అనలేదు గానీ నాదీ అదే సణుగుడు.

డాక్టరమ్మ వయసు ప్రస్తావనే తేలేదు.
పాప చేతులు కడుక్కోవడం చూసింది,
పొడిగా తుడుచుకోవడం చూసింది.
లెన్సు నేల మీద పడితే
"ఇంక ఇది పనికిరాదు కదా" అని పాప అనడం
విని, ఏదో రాసుకుంది.
నిద్రలో వద్దు, నీళ్ళలో వద్దు,
కన్ను ఎర్రబడితే అసలే వద్దు.
పాప వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది.
రెండోది నేను అప్పుడే మరిచిపోయాను.

ఇరవై రెండు నిమిషాలు.
రెప్ప మొండికేస్తుంది,
వేలికొసన నీటిబొట్టంత పెంకితనం వణుకుతుంది.
కుర్చీలో బిగిసినవి నా పిడికిళ్ళు.
ఎక్కింది.

బయట తీసా నది వంతెన మీద గాలి.
అవతలి ఒడ్డున ఆగిన పడవ పేరు
అక్షరం అక్షరం గట్టిగా చదివి,
చదువుతూ చదువుతూనే
లేని ఫ్రేముని చూపుడువేలితో
ముక్కు మీదికి తోసుకుంది.
రెండు గులాబీ నొక్కులు ఇంకా అక్కడే ఉన్నాయి.

నవ్వు రాలేదు నాకు.
కోటు జేబులో దాని కళ్ళద్దాలు
ఉన్నాయో లేవో తడిమి చూసుకున్నాను.