మూయని పెట్టె

కొత్తవాడ నుంచి కూచన రాజలింగం ఫోను:
"బిడ్డా, మన సంఘం వెబ్‌సైటు బోర్లవడ్డది.
మెనూ కిందికి వొయింది.
జంపఖానల ఫోటోలు కుడిదిక్కు జారి
సగం కనపడ్తయి, సగం గోడవతల ఉన్నయి."

హన్మకొండ ఆఫీసుల తెరిచి చూసిన.
అన్నీ సక్కగున్నయి.
"నా దగ్గర మంచిగనే కనపడ్తుంది బాపూ" అన్న.
ఈ మాట ఎంతమందికి చెప్పిన్నో లెక్కలేదు.
ఆయన కొద్దిసేపు ఊకున్నడు.
"అయితే నా కండ్లదా తప్పు?"

రెండు మీటలు గట్టిగ ఒత్తి
పేజీని మొదట్నుంచి రప్పించిన.
కూలింది.
నా కంప్యూటరు నిన్నటి పేజీని దాసుకొని
ఇయ్యాల్టిదని చూపెడ్తుంది.
ఆయన పగిలిన ఫోనే నిజం చెప్పింది.

ఇగ ఎతుకులాట.
కరెంటు వోతే ఫ్యూజులు పీకి చూసినట్టు
ప్లగిన్లు ఒక్కొక్కటి ఆపిన.
అది కాదు. అదీ కాదు.
మన టెంప్లేటు విప్పి
ఊరందరికీ ఉండే మామూలుది తొడిగిన.
నిటారుగ నిలవడ్డది,
సిమెంటు దుకాణమో కోచింగు సెంటరో
ఎవరిదైనా కావచ్చు అన్నట్టు.
అంటే తప్పు మనింట్లనే.

నుస్రత్ చాయ్ తెచ్చి పెట్టింది.
నాలుగు వందల చిల్లర వరుసలు.
తెరిచిన ప్రతి పెట్టెకు మూత ఉన్నదా అని
వేలు పెట్టి కిందికి దిగుతున్న.

పక్కపట్టీల, సభ్యుల జాబితా అడుగున,
రాత్రి పదకొండు నలభైకి చేర్చిన వరుస:
బాలనర్సమ్మ. ముప్పై ఏండ్లు కండెలు చుట్టింది.
రిజిస్టర్ల లేని పేరు.
పెట్టె తెరిచి ఉన్నది. మూసిన గుర్తు లేదు.
దాని తర్వాత రావాల్సినయన్నీ,
ధరల పట్టిక, చిరునామా, ఆఖరికి మెనూ,
ఆమె పెట్టెలనే ఇరుక్కొని కూసున్నయి.

ఫోను చేసిన. అడగకముందే అన్నడు:
"మనుమడు నేర్పిండు, నేనే కొట్టిన.
మగ్గం మీద కూసున్నోనికే సభ్యత్వం అన్నరు గద అప్పుడు.
తీసేస్తవా?"

"పేరు జోలికి పోను బాపూ."

రెండు కొక్కేలు, నడుమ ఒక ఏటవాలు గీత, మూడక్షరాలు.
గంతే రాసిన.
మెనూ పైకెక్కింది.
నల్లంచు ఎర్ర జంపఖానా చట్రంలకొచ్చింది.

"ఇప్పుడు చూడు."
"గట్లనే ఉన్నది."
"వేలు పెట్టి కిందికి గుంజి ఇడువు."
అవతల మగ్గం చప్పుడు ఆగింది.
"ఆఁ" అన్నడు.
చానసేపటి దాక ఇంకేం అనలే.
ఫోను పెట్టేసిండేమో అనుకున్న.

"నర్సమ్మల, మ కింది ఒత్తు ఊడి
పక్కకు వడ్డది బిడ్డా.
గదొక్కటి చూడరాదు."

అది ఫాంటు పని. టెంప్లేటుది కాదు.
సల్లారిన చాయ్ ఒక్క గుక్కల తాగి
మళ్ల కూసున్న.