రెండు బెత్తెల మందం

నర్సాపురం ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ.
అమ్మోనియా ఘాటుకి కళ్ళు నీళ్ళు కారుతుంటే
కంప్రెసరుకి వీపానించి
మైల అబ్బులు మొదలెట్టేవాడు:
"ఆ దేశంలో కాలవలు బిగుసుకుపోతాయిరా,
మనిషిని మోస్తాయి."

ఓడ ఇంజనుకి నూనె పోసే పనిలో వెళ్ళి,
అరవై మూడు జనవరిలో
రేవు గడ్డకట్టి ఓడ కదలక
మూడు వారాలు అక్కడే ఉండిపోయాడట.
సముద్రం కంటే పల్లపు నేల. గట్లు, లాకులు, తూములు.
"ముమ్మూర్తులా మన డెల్టాయే, ఆయ్,
కొబ్బరిచెట్లొక్కటే తక్కువ."

పదకొండు ఊళ్ళు, రెండొందల కిలోమీటర్లు.
అంటే ధవళేశ్వరంలో బయల్దేరి నర్సాపురం వచ్చి,
తిరిగి వెళ్ళి, మళ్ళీ సగం దారి.
చీకటుండగా దిగాలి, చీకటి పడ్డాక ఎక్కాలి.
బూట్ల కింద కత్తులు.
ఊరూరా కాగితమ్మీద ముద్ర,
ఒక్క ముద్ర తప్పినా పందెం తప్పినట్టే.

వంతెన కింద మంచు పల్చబడ్డ చోట
గట్టెక్కి, పరిచిన గడ్డిమీద కత్తులతోనే నడిచి
అవతల మళ్ళీ దిగుతారు.
ఇది చెప్పేటప్పుడు లేచి నడిచి చూపించేవాడు
రంపప్పొట్టు మీద, మోకాళ్ళెత్తి, కొంగలా.

ఆ ఏడు పదివేలమంది దిగితే
నూటికి ఒక్కడు చేరాడో లేదో.
ఎదురుగాలి. కళ్ళల్లో మంచుపొడి, ఇసకలాగా.
ముందొచ్చినవాడికి చివరికి గట్టే కనపడలేదట,
జనం అరుపుల్ని పట్టుకుని వచ్చాడట.
"నువ్వు చూశావా?" అంటే
కొన్ని రాత్రులు "చూశాను" అనేవాడు,
కొన్ని రాత్రులు "రేడియోలో ఇన్నాన్లే."

నాకు పందెం కంటే
పందెం లేని ఏళ్ళే ఎక్కువ గుర్తు.
వందేళ్ళ పైచిలుకులో జరిగింది పదిహేనుసార్లట.
ఏటా చలికాలం పెద్దలు కూర్చుంటారు.
మన లస్కర్లలాంటి వాళ్ళు
కాలవకి బెజ్జం పెట్టి కొలుస్తారు.
దారి పొడుగునా రెండు బెత్తెల మందం ఉండాలి.
ఒక్కచోట వేలెడు తగ్గినా
ఊళ్ళన్నీ కత్తులు తుడిచి, నూనె రాసి, అటకెక్కిస్తాయి.
తొంభై ఏడు తర్వాత దింపనే లేదు.

ఇక్కడ ఉప్పునీళ్ళ తొట్టిలో డబ్బాలు ముంచితే
పద్దెనిమిది గంటల్లో దిమ్మ.
కొక్కెం తగిలించి బల్లమీంచి వదిలితే
కాసేపు భలే జారుతుంది,
బోటులో పడి రొయ్యల కింద పిండైపోతుంది.

అబ్బులు మే నెలలో పోయాడు.
కాలవలు కట్టేసిన రోజులు.
అడుగున నెర్రెలు, తూటికాడ, ఎవరిదో ఒంటి చెప్పు.
తమ్ముడు వేరావల్లో బోటు దిగి రైలెక్కి రావాలి.
ఓనరు లెక్క రాయకుండా నాలుగు దిమ్మలిచ్చాడు.
రెండు కింద, రెండు పైన, ఊక, గోనె,
ఆ పైన అబ్బులు.

మొదట మూరెడు.
తెల్లారేసరికి జానెడు పైచిలుకు.
రెండో రాత్రి అందరూ కునుకు తీస్తుంటే
చెయ్యి ఆనించి కొలిచాను.
సిగ్గేసింది. అయినా ఇంకోసారి కొలిచాను.
రెండు బెత్తెలు.
వదిన కళ్ళు తెరిచి చూసి
"ఇంకో దిమ్మ తెస్తావా?" అంది.
వద్దన్నాను. ఎందుకన్నానో చెప్పలేదు.

కరిగిన నీళ్ళు అరుగు దిగి,
కోళ్ళగూడు చుట్టి, గట్టున గండి వెతుక్కుని
ఎండిన కాలవలోకి జారుతున్నాయి.
ఆ ఏడు ధవళేశ్వరంలో గేట్లెత్తకముందే
మా కాలవకి దిగిన నీళ్ళు అవే.