రెండు చుక్కలు

ఎనుమాముల మార్కెట్ల తేజ మిర్చి దిగినంక
కిటికీలు ఎన్ని మూసినా తుమ్ములు ఆగయి.
రాత్రి పదకొండు. కాజీపేట దిక్కు రైలు కూత.
'సంచి' అనే ఫైలును ఒక్కదాన్నే తీసి నడిపిన.
తెర మీద ఎర్రగ ఒకటే మాట:
నీ పై ప్యాకేజీ ఏదో తెల్వదు,
చుక్కలు పెట్టి ఎవల్ని పిలుస్తున్నవ్?

రేటు ఫైలు ఎటూ పోలేదు.
ఒక మెట్టు పైన, ఎప్పటి తీరుగనే కూసోని ఉన్నది.
ఒక చుక్కంటే ఈ అర,
రెండు చుక్కలంటే దీని పైది.
రాసినప్పుడు మంచిగనే రాసిన.

ముందుగాల్ల ఇనిట్ అని ఒక ఖాళీ ఫైలు చేసి పెట్టిన,
లోపల అక్షరం లేదు.
అదే ఎరుపు.
చుక్కలు కొట్టేసిన.
ఈసారి వేరే ఎరుపు.
అటెన్క చెయ్యరాని పని చేసిన, దాచుడెందుకు,
నా లాప్‌టాప్ దారి మొత్తం
మొదటి లైన్లనే గుద్ది పెట్టిన.
నడిచింది. పోయి పండుకున్న.

తెల్లారి యార్డు ఆఫీసుల అదే ప్రోగ్రాం బొక్కబోర్ల పడ్డది.
ఆ కంప్యూటర్ల నా పేరు మీద ఫోల్డరు
ఎందుకుంటది?
సూపర్‌వైజర్ ఏమనలేదు. గడియారం చూసిండు.

బయటికొస్తే గేటు కాడ ఒంటి సంచి.
హమాలీ ఓదెలు దాని చుట్టూ తిరుగుతున్నడు.
చపాటా. బొద్దుగ, నెత్తురు రంగుల, మంచి సరుకు.
సంచి మీద బొగ్గుతోని రాసి కూడ ఉన్నది:
'పక్క కుప్పది.'
"దేని పక్క, అక్కా?" అన్నడు నాతోని,
నేనే రాసినట్టు.
"కుప్పల ఉన్నన్నాళ్ళు ఈ మాట సక్కగనే ఉండె.
ఎవడో ఒక్కదాన్నే ఈడికి గుంజుకొచ్చిండు.
ఇగ దీనికి పక్కేది?"

నేను జవాబు చెప్పలే. లోపలికి ఉరికిన.

దొంగదారి లైను తుడిచేసిన.
చుక్కలు మళ్ళ ఎక్కడియి అక్కడ పెట్టిన.
తూకం ఫోల్డర్లకెళ్ళి బయటికొచ్చి,
యార్డు ఫోల్డర్లకెళ్ళి కూడ బయటికొచ్చి,
అన్నిటికన్న పైన నిలబడి
ఒక అడ్డగీత, ఒక ఎమ్,
ఫైలు తోక తీసేసి
దాన్ని నిండు పేరుతోని పిలిచిన:
యార్డు చుక్క తూకం చుక్క సంచి.

పలికింది.
రెండు చుక్కలు ఎక్కి రేటును తెచ్చుకున్నది,
లాటు వెనక లాటు దిగబట్టింది తెర మీద.
సూపర్‌వైజర్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నడు.
"మరి నిన్న ఏమైండె?" అన్నడు.
నిన్న కూడ ఇదే ఫైలు, సార్.
పిలిచిన జాగనే వేరు.

కిటికీల నుంచి చూస్తే
ఓదెలు సంచిని వీపు మీదేసుకొని
షెడ్లల్ల కుప్ప కుప్ప కాడ ఆగుకుంట పోతున్నడు.
దొరికిందో లేదో చూడలేదు.
తేమ కాలమ్ మొత్తం సున్నలు వచ్చినయి.
అది వేరే తప్పు.
తుమ్మి, మళ్ళ కూసున్న.