మిగులు వేడి

ఈ హాల్లో పూర్వం కాగితం నడిచేది.
తొమ్మిది మీటర్ల వెడల్పున తెల్లటి వరద,
నిమిషానికి కిలోమీటరున్నర.
ఇప్పుడు నల్లటి బీరువాలు వరసగా నిలబడి
విశ్వాలను లెక్కగడుతున్నాయి.
జీతమిచ్చే చెయ్యి మారింది గాని
నా రాత్రి డ్యూటీ మారలేదు.

నా పేరు ఇర్మెలి.
ఎడమచేతికి నాలుగు వేళ్లు.
ఐదోదాన్ని ఎనభై ఆరు నవంబరులో
ఆరో నంబరు రోలరు తీసుకుంది.
కాగితం ఒక్క క్షణం గులాబీరంగుకు తిరిగి
మళ్లీ తెల్లబడిందట.
ఆ రీలు ఏ దేశంలో ఏ పత్రికై అచ్చయిందో,
పొద్దున్నే నన్ను ఎవరు తిరగేసి చదివారో
తెలీదు.

సైమి అని ఒక పిల్ల వస్తుంటుంది
యూనివర్సిటీ నుంచి, తన లోకాలను చూసుకోడానికి.
రాత్రి రెండింటికి కాఫీ గదిలో
చక్కెర పొట్లం కాగితాన్ని చుట్టి చుట్టి
సన్నటి పుల్లలా చేసి నా ముందు పెట్టింది.
"దూరం నుంచి చూస్తే గీత.
చీమకైతే చుట్టూ నడవడానికి దారి.
అలాంటి దిక్కులు ఇంకో ఏడు ఉన్నాయేమో
ప్రతి చోటా, ఈ బల్ల మీదా, నీ ముక్కు కొసనా,
మరీ చిన్నగా చుట్టుకుపోయి."

కాగితం చుట్టడం గురించి నాకా చెప్పేది!
లోపల ఎక్కడో ఒక్క మడత పడితే
పైన వెయ్యి చుట్లు చుట్టినా
అది ఉబ్బుతూనే ఉంటుంది, అసలు పేచీ అక్కడే, అన్నాను.
తను నోటుబుక్కులో రాసుకుంది.

చలి ముదిరితే లేని వేలు దురద పెడుతుంది.
గోకుదామంటే
పైన లేదు, కింద లేదు, ముందూ వెనకా లేదు,
అయినా ఉంది. కచ్చితంగా ఒకే చోట ఉంది.
గోరు పెరగడం కూడా తెలుస్తోంది.
నీ ఏడు దిక్కుల్లో అది దేంట్లో ఉందో
యంత్రాన్ని అడగరాదూ అన్నాను.
సైమి నవ్వింది.
నేను నవ్వలేదు.

మూడూ నలభైకి ఎర్రదీపం.
పదిహేడో వరస, నాలుగో బీరువా.
మెమరీ పలక ఒకటి చచ్చింది,
దానితోపాటు ఒక లోకం ఆగిపోయింది.
ఏముందందులో?
"పెద్దగా ఏం లేదు. నక్షత్రాలు పుట్టడం మొదలైంది, అంతే."
ఆ 'అంతే' నా చెవి మఫ్ల లోపల
చాలాసేపు తిరిగింది.

పాత పలక పీకి, కొత్తది గుచ్చి
రిజిస్టరులో సంతకం పెట్టాను.
గంట కిందట దాచుకున్న చోటి నుంచి
లోకం మళ్లీ బయల్దేరింది.
మధ్యలో ఆ గంట
జరిగింది, జరగలేదు.
అందులో ఎవరన్నా ఏదన్నా అనుకుని ఉంటే
అదెక్కడికి పోయినట్టు?

నీళ్లలోకి. అది నాకు తెలుసు.
ఏ లెక్కయినా చివరికి వేడిగానే తేలుతుంది.
ఆ వేడి గొట్టాల్లో పడి
మంచు కింద నాలుగు కిలోమీటర్లు నడిచి
ఊరి ఇళ్లలోకి ఎక్కుతుంది.
ఫిన్లాండులో ఈ మూల
నక్షత్రాలు కాచిన నీళ్లతో గిన్నెలు తోముకుంటాం.

సైమి గొంతు తగ్గించి అంది:
"మనమూ ఎవరో వేస్తున్న లెక్కేనేమో.
పక్క పలక మీద
వెంట్రుకవాసి తేడాతో ఇంకో ఇర్మెలి.
ఆ పొద్దు ఆమె చేతి తొడుగు మర్చిపోయి
వెనక్కెళ్లింది. ఐదు వేళ్లూ ఉన్నాయి."
ఉండనీ. దానికి చలికాలం దురద ఉండదు,
ఈ కాఫీ కూడా ఉండదేమో.
నేనడిగింది వేరే:
అదే నిజమైతే, మన వేడి
ఎవరింటికి పోతోంది?
నోటుబుక్కు తెరిచింది గాని
ఏమీ రాయలేదు.

ఆరున్నరకు ఇల్లు చేరాను. ఇంకా చీకటే.
పై అంతస్తులో హెల్వీ తొట్టె నింపుకుంటోంది,
ఆగిపోయిన గంట
ఆమె మోకాళ్లకు పనికొస్తోంది.
కుళాయి తిప్పి ఎడమచెయ్యి పెట్టాను.
నాలుగు వేళ్లకూ వెంటనే వెచ్చన తగిలింది.
ఐదోదానికి
కొంచెం ఆలస్యంగా.