గాలి తియ్యి

ముడసర్లోవ పచ్చికలో పెద్దమనుషుల్ని మోసిన బండి
యారాడ ఇసుకలో ఇరుసుదాకా దిగబడింది.

మోటారు మార్చాను. పళ్లచక్రం మార్చాను.
బ్యాటరీల పెట్టెకి ఉప్పుగాలి తగలకుండా
పడవలకి పూసే తారే పూశాను.
ట్రాక్టరు ముందుచక్రాలంత వెడల్పు టైర్లు
కంచరపాలెం పాతసామాన్లలో దొరికాయి.
కదిలితేనా!

ఐసు తట్ట దించి అసిరితల్లి నవ్వింది:
"అంత బిగుసుకుపోతే ఇసకెలాగ మోస్తాది నాయనా?
గాలి తీసీ."

వాల్వు నొక్కాను. బుస్సుమని
నా ఐటీఐ చదువు కొంత పోయింది.
టైరు ఆమె పాదంలా పరుచుకుంది,
మడమ పగుళ్లతో సహా.

ఇప్పుడు వెనక సీట్లో కవ్వళ్లు, రెండు వంజరాలు,
నా పక్కన అసిరితల్లి.
హారను కొట్టమంటుంది,
ఎదురుగా సముద్రం తప్ప ఎవరూ లేకపోయినా.